మిడ్‌సైజ్ లగ్జరీ క్రాసోవర్: ఎక్స్‌5, జీఎల్‌ఈ, ఆర్‌ఎక్స్, ఎక్స్‌సీ90 - ఎలా బేరీజు వేయాలి?

నిలకడ

అందరికీ నమస్కారం. ఇప్పుడున్న సెడాన్ ఇచ్చేసి ఈ సైజు క్రాసోవర్ ఒకటి తీసుకుందామని చూస్తున్నాం. బీఎండబ్ల్యూ ఎక్స్‌5, మెర్సిడెస్ జీఎల్‌ఈ, లెక్సస్ ఆర్‌ఎక్స్, వోల్వో ఎక్స్‌సీ90 నాలుగూ నడిపి చూశాను. షోరూమ్‌లో బయల్దేరి ఒక చుట్టు తిరిగొచ్చేలోపు ఏం తెలుస్తుంది? నాలుగూ బాగానే ఉన్నాయి, నాలుగూ నిశ్శబ్దంగానే ఉన్నాయి. సేల్స్ అతను మాత్రం లోపలి లైట్లు ఎన్ని రంగులు మారతాయో చూపించడం ఆపలేదు.

మా లెక్క ఇది. మేమిద్దరం, ఇద్దరు పిల్లలు (చిన్నదానికి ఇంకా చైల్డ్ సీటు కావాలి), అమ్మ. అమ్మకి మోకాళ్ల నొప్పులు. రోజూ ఊళ్లో తక్కువ దూరాలు, అప్పుడప్పుడూ పొద్దుట్నుంచి సాయంత్రం దాకా హైవే. కొంటే ఎనిమిదేళ్లయినా వాడతాం. "ఫలానాది కొనెయ్" అని వదిలేయకుండా ఎందుకో కూడా చెప్పండి.

టర్బో తమ్ముడు

ఎక్స్‌5 కొనెయ్ అన్నా :)

సరే, ఎందుకో కూడా చెప్తా. 3 లీటర్ల స్ట్రెయిట్ సిక్స్, దానికి జడ్‌ఎఫ్ కంపెనీ 8 స్పీడ్ గేర్‌బాక్స్. ఈ క్లాసులో ఇంతకన్నా మంచి జోడీ లేదు. ఆరు సిలిండర్లు వరసగా ఉంటే వైబ్రేషన్ దానంతట అదే సర్దుకుపోతుంది, బ్యాలెన్స్ షాఫ్టులు అక్కర్లేదు. నాలుగు సిలిండర్ల బండిని ఎన్ని పొరల ఇన్సులేషన్‌తో కప్పినా గట్టిగా తొక్కితే అరుపు బయటపడుతుంది. ఇంత డబ్బు పెట్టి ఆ అరుపెందుకు వినాలి?

పాత డీజిల్

తమ్ముడూ, ఆయన మోకాళ్ల నొప్పుల గురించి అడిగితే నువ్వు సిలిండర్ల గురించి చెప్తున్నావు.

అయినా సిక్స్ కావాలంటే జీఎల్‌ఈ 450లోనూ స్ట్రెయిట్ సిక్సే ఉంది. దానికి తోడు 48 వోల్టుల స్టార్టర్ జనరేటర్ ఇంజన్‌కీ గేర్‌బాక్స్‌కీ మధ్యే కూర్చుంటుంది, కాబట్టి సిగ్నల్ దగ్గర ఇంజన్ ఆగి మళ్లీ అందుకున్నది తెలియనే తెలియదు. వోల్వో 2014లో రెండో తరం ఎక్స్‌సీ90 చూపించినప్పుడే ఇక అన్ని వేరియంట్లకీ 2 లీటర్ల ఫోర్ సిలిండరే అని తేల్చేసింది. లెక్సస్ 2022లో ఐదో తరం ఆర్‌ఎక్స్‌తో ఆరు సిలిండర్ల వీ6ని సాగనంపింది. అంటే సిక్స్ కావాలంటే నీ లిస్టు సగానికి తగ్గిపోతుంది. అది మంచిదే, ఎంచుకోవడం తేలిక.

స్పానర్

నిలకడ గారూ, "ఎనిమిదేళ్లు" అన్నారు చూడండి, మీ పోస్టులో అసలు మాట అదే. మూడేళ్లకు మార్చేసేవాళ్లు ఏది నచ్చితే అది కొనుక్కోవచ్చు, వారంటీ చూసుకుంటుంది. ఎనిమిదేళ్లంటే లెక్క వేరు. దాని గురించి తర్వాత వివరంగా రాస్తా. ముందు చక్రాల సంగతి చక్రపాణి గారు చెప్తే బాగుంటుంది, ఆయన ఇక్కడే ఎక్కడో ఉంటారు.

చక్రపాణి

ఉన్నానండీ. పిలిచాక ఊరుకోను కదా.

ఈ క్లాసులో ఒక బండికీ ఇంకో బండికీ ఉన్న తేడా కన్నా, ఒకే బండిలో 19 అంగుళాల చక్రానికీ 22 అంగుళాల చక్రానికీ ఉన్న తేడా ఎక్కువ. లెక్క చూడండి. ఎక్స్‌5కి 19లో వచ్చే టైరు 265/50 ఆర్19. వెడల్పు 265 మిల్లీమీటర్లు, సైడ్‌వాల్ (రిమ్ము నుంచి నేల దాకా ఉండే టైరు గోడ) ఎత్తు అందులో 50 శాతం, అంటే 132. అదే బండికి 22 పెడితే ముందు టైరు 275/35 ఆర్22. సైడ్‌వాల్ 96. నేల మీంచి కొలిస్తే రెండు చక్రాల ఎత్తూ ఇంచుమించు 75 సెంటీమీటర్లే. అంటే లోహం పెరిగింది, గాలి తగ్గింది. గుంతలో పడగానే స్ప్రింగు కన్నా ముందు నలగాల్సింది ఆ గాలే. ఆ 36 మిల్లీమీటర్లు పోగొట్టుకున్నాక ఎంత ఖరీదైన సస్పెన్షన్ పెట్టినా చిన్న చిన్న అతుకులు, కంకర తేలిన చోట్లు సీట్లోకి వచ్చేస్తాయి.

పైగా పెద్ద చక్రం బరువు. ఆ బరువు స్ప్రింగుకి కింద ఉంటుంది, పైన కాదు. గుంత దాటాక దాన్ని మళ్లీ అదుపులోకి తేవడం డ్యాంపర్‌కి (షాక్ అబ్జార్బర్‌కి) కష్టమైన పని. ఫుట్‌పాత్ అంచుకి రాసుకుంటే రిమ్ముకే దెబ్బ. ఇక 22లో వెనక టైరు 315/30, అంటే ముందు వెనకలు వేరు సైజులు. అరిగినప్పుడు ముందువి వెనక్కీ వెనకవి ముందుకీ మార్చుకునే వీలు పోతుంది.

రన్‌ఫ్లాట్ అయితే ఇంకో మాట. గాలి పూర్తిగా పోయినా గంటకు 80 కి.మీ. దాటకుండా ఓ 80 కిలోమీటర్లు వెళ్లనిస్తుంది, అది నిజంగా పనికొచ్చే గుణమే. కానీ బండి బరువు మోయడానికి సైడ్‌వాల్ లోపల గట్టి రబ్బరు పోస్తారు. ఆ గట్టిదనం రోజూ తెలుస్తుంది, పంక్చరు ఎప్పుడో ఒకసారి పడుతుంది.

షోరూమ్ డెమో బండికి దాదాపు ఎప్పుడూ పెద్ద చక్రాలే ఉంటాయి, ఫొటోలో బాగుంటాయని. మీరు కొనబోయే చక్రాల సైజుతో బండి తెప్పించండి, లేదంటే అసలు నడపనే లేదని అనుకోండి.

టర్బో తమ్ముడు

19 చక్రాలతో ఎక్స్‌5 ఆకలితో ఉన్న ఏనుగులా ఉంటుంది సార్. ఆ పెద్ద ఆర్చిల్లో చిన్న చక్రాలు... చూడలేం.

చక్రపాణి

మీరు బయట నిలబడి చూస్తారు. వాళ్లమ్మగారు లోపల కూర్చుంటారు.

వెనక సీటు

నేను ఎప్పుడూ వెనకే కూర్చుంటాను, మా ఇంట్లో నడిపేది మా ఆయన. అందుకే ఈ పేరు. రివ్యూలన్నీ స్టీరింగ్ దగ్గర్నుంచి రాస్తారు. వెనక కూర్చునేవాళ్ల కోసం నేను చూసేవి కొన్ని చెప్తా.

మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి సీటు మరీ కిందున్నా కష్టమే, మరీ పైనున్నా కష్టమే. వెనక్కి అలా వాలగానే పిర్రలు సీటుకి ఆనాలి, ఆ తర్వాత కాళ్లు లోపలికి తిప్పుకోవాలి. ఇక్కడే గుమ్మం వెడల్పు అడ్డం వస్తుంది. కొన్ని బండ్లలో సీటు అంచుకీ గుమ్మం బయటి అంచుకీ మధ్య జానెడు పైనే దూరం ఉంటుంది. దిగేటప్పుడు పిక్కలు దానికి రాసుకుని బట్టలకి బురద అంటుతుంది. డోరు కిందికంటా వచ్చి గుమ్మాన్ని కప్పేసే డిజైన్ అయితే ఆ బాధ ఉండదు. డోరు మూసి కింద చెయ్యి పెట్టి చూస్తే తెలిసిపోతుంది. ఫుట్‌స్టెప్ పెట్టించుకోమంటారు చాలామంది. సన్నగా ఉండే ఫుట్‌స్టెప్ పెద్దవాళ్లకి పాదం సగమే పడుతుంది, అంచేత అదే ప్రమాదం.

ఎయిర్ సస్పెన్షన్ ఉన్న బండి ఆపాక కిందికి దిగుతుంది. ఎక్కేవాళ్లకి అది చాలా మేలు. అయితే డ్రైవరు ప్రతిసారీ మెనూలోకి వెళ్లి నొక్కాలా, దానంతట అదే దిగుతుందా అడగండి. మెనూలో నొక్కాల్సిందైతే మూడో వారం నుంచి ఎవరూ నొక్కరు.

ఇంకోటి, ముందు సీటుని పూర్తిగా కిందికి దించమని చెప్పి వెనక కూర్చోండి. పాదం పెట్టే జాగా మాయమైపోతుంది. షోరూమ్‌లో ముందు సీట్లు ఎప్పుడూ పైకి లేపే ఉంటాయి, కావాలని చేస్తారో ఏమో.

పనోరమిక్ రూఫ్ ఉంటే తల మీద జాగా కొంత తగ్గుతుంది, ఎండ వేడి కూడా దిగుతుంది. పిల్లలకి మాత్రం అదంటే ప్రాణం. ఆ గొడవ మీ ఇంట్లో మీరు తేల్చుకోండి.

నిలకడ

వెనక సీటు గారూ, చాలా థాంక్స్. ఇవేవీ నేను చూడలేదు. అమ్మని తీసుకెళ్లనే లేదు, "నాకేం తెలుసురా, మీరు చూసుకోండి" అంది.

చైల్డ్ సీటు ఒక పక్క పెడితే అమ్మా పెద్దవాడూ మిగిలిన రెండు చోట్లా కూర్చోవాలి. మధ్య సీటు ఎలా ఉంటుంది వీటిలో?

పాత డీజిల్

మధ్య సీటు సంగతి ఇంజన్ ఏ దిక్కున ఉందన్న దాని మీద ఆధారపడుతుంది. ఎక్స్‌5, జీఎల్‌ఈలలో ఇంజన్ నిలువుగా ఉంటుంది, గేర్‌బాక్స్ దాని వెనకే క్యాబిన్ కిందికి వస్తుంది, అక్కణ్నుంచి షాఫ్టు వెనక చక్రాలకి. అందుకే నడుమ మిట్ట పెద్దది. ఆర్‌ఎక్స్, ఎక్స్‌సీ90లలో ఇంజన్ అడ్డంగా ఉంటుంది. ఆర్‌ఎక్స్ 350హెచ్ ఫోర్‌వీల్ డ్రైవ్ అయితే వెనక చక్రాలని విడిగా ఒక ఎలక్ట్రిక్ మోటారే తిప్పుతుంది, ముందు నుంచి షాఫ్టే ఉండదు.

ఎక్స్‌సీ90లో రెండో వరస మూడు విడి సీట్లు, దేనికదే ముందుకీ వెనక్కీ జరుగుతుంది. మధ్య సీటులోనే పిల్లలకి ఎత్తు పెంచే బూస్టరు లోపల దాచి ఉండే ఆప్షన్ కూడా ఉంది. చైల్డ్ సీటు దశ దాటిన పిల్లవాడికి అది బాగా పనికొస్తుంది.

పుట్టుక కూడా చెప్తా, విసుక్కోకండి. మెర్సిడెస్ 1997లో ఎమ్-క్లాస్ తెచ్చినప్పుడు కింద లారీలకి ఉన్నట్టు ల్యాడర్ ఫ్రేమ్ ఉండేది. 2005లో వచ్చిన రెండో తరంతో అది పోయింది, 2015లో పేరు జీఎల్‌ఈ అయింది. లెక్సస్ 1998లో ఆర్‌ఎక్స్‌ని కారు ప్లాట్‌ఫామ్ మీదే కట్టింది, కారులా మెత్తగా పోవాలని. 1999లో బీఎండబ్ల్యూ ఎక్స్‌5 తెచ్చి, దీన్ని ఎస్‌యూవీ అనొద్దు, స్పోర్ట్స్ యాక్టివిటీ వెహికల్ అనండి అంది. నడిపితే ఇప్పటికీ ఆ పుట్టుబుద్ధులు కొంత తెలుస్తాయి.

మూడో వరస

ఏడుగురికి కావాలా అన్నది ముందే తేల్చుకోండి నిలకడ గారూ. ఇప్పటి ఆర్‌ఎక్స్‌లో మూడో వరసే లేదు. ఎక్స్‌5లో ఆప్షన్‌గా దొరికినా అది పిల్లలకే. ఎక్స్‌సీ90 ఒక్కటే మొదట్నుంచీ మూడు వరసలు అనుకుని గీసిన బండి. అయితే మూడో వరస లేపితే ఏ బండిలోనైనా డిక్కీలో మిగిలేది చేతి సంచులకే.

నిలకడ

ఐదుగురమే. ఆరో మనిషి వస్తే రెండో బండి ఉంది.

ఇంకో ప్రశ్న. రోజూ తక్కువ దూరాలే కదా, ప్లగ్-ఇన్ హైబ్రిడ్ తీసుకోమని ఒక స్నేహితుడు గట్టిగా చెప్తున్నాడు. మా పార్కింగ్‌లో చార్జింగ్ పాయింటు పెట్టుకోవచ్చు.

పాత డీజిల్

ఇంట్లో చార్జింగ్ ఉంటేనే ప్లగ్-ఇన్. లేకపోతే అనవసరంగా బ్యాటరీ మోసుకు తిరగడమే. ఎక్స్‌5 50ఈలో వాడుకోదగ్గ బ్యాటరీ 25.7 కిలోవాట్ అవర్లు. ఊళ్లో తిరుగుడంతా పెట్రోలు చుక్క లేకుండా అయిపోతుంది, పైగా సిక్స్ సిలిండర్ కూడా ఉంటుంది (తమ్ముడు సంతోషిస్తాడు). కానీ మామూలు ఎక్స్‌5లో 650 లీటర్లున్న డిక్కీ ఇందులో 500 అవుతుంది, మూడో వరస ఆప్షన్ ఉండదు. బ్రోషర్‌లో వేసే మైలేజీ అంకెని పట్టించుకోకండి. బ్యాటరీ మీద ఇంత శాతం తిరుగుతారని ముందే ఊహించుకుని చేసిన లెక్క అది. మీరు చార్జి పెట్టకుండా హైవే ఎక్కితే ఆ అంకె దరిదాపుల్లోకి కూడా రాదు.

మామూలు హైబ్రిడ్ అయితే ఆర్‌ఎక్స్ 350హెచ్. 2.5 లీటర్ల ఇంజన్, చార్జింగ్ గొడవ లేదు, ట్రాఫిక్‌లో మైలేజీ హైవే కన్నా తగ్గదు. పికప్ కోసం కొనేది కాదు. గట్టిగా తొక్కితే ఇంజన్ ఒకే స్థాయిలో మోగుతూ ఉంటుంది, బండి దాని వెనకే మెల్లగా అందుకుంటుంది. ఓవర్‌టేక్ చేసేటప్పుడు నచ్చుతుందో లేదో మీరే చూసుకోవాలి.

డీజిల్ నా ప్రాణం, కానీ మీకు వద్దంటాను. రోజూ తక్కువ దూరాలు తిరిగితే పొగ గొట్టంలో మసిని పట్టే ఫిల్టరు, అదే డీపీఎఫ్‌లో, మసి కాలడానికి కావాల్సిన వేడి రాదు. ఫిల్టరు మూసుకుపోయి లైటు వెలుగుతుంది.

టర్బో తమ్ముడు

నా పేరు లాగారు కాబట్టి చెప్తున్నా. నిన్న ఆర్‌ఎక్స్ 500హెచ్ నడిపా. 2.4 టర్బో, విడి గేర్లు లేని సీవీటీ లాంటిది కాకుండా నిజమైన 6 స్పీడ్ గేర్‌బాక్స్, వెనక గట్టి మోటారు. లెక్సస్‌లో ఇంత లాగుడు ఉంటుందనుకోలేదు. ఆ అరుపు మాత్రం ఫోర్ సిలిండర్ అరుపే :)

స్పానర్

చెప్పినట్టే వచ్చాను. వర్క్‌షాపులో చాలా ఏళ్లున్నవాడి మాటలు ఇవి. ఏ బ్రాండునీ తిట్టడం లేదు, అన్నిట్లోనూ ఉండేవే.

ఎయిర్ సస్పెన్షన్. పైన మంచి మాటలు చెప్పారు, నేనూ కాదనను. కానీ అందులో స్ప్రింగు అంటే గాలి నింపిన రబ్బరు సంచి. వయసైతే రబ్బరు మడతల దగ్గర సన్నగా బీటలు తీస్తుంది, గాలి కొద్దికొద్దిగా కారుతుంది. రాత్రి ఆపిన బండి పొద్దునకి ఒక మూల కూలబడి ఉంటే అదే. యజమాని పట్టించుకోడు, ఎందుకంటే స్టార్ట్ చేయగానే లేచిపోతుంది. ఆ లేపే పని కంప్రెసర్‌ది. కారే గాలిని నింపుతూ నింపుతూ అదీ కాలిపోతుంది. ఒక సంచితో పోయేది సంచీ కంప్రెసరూ రెండూ అవుతుంది. మీరు ఎనిమిదేళ్లు ఉంచుతామన్నారు కాబట్టి ఆ ఖర్చు ముందే లెక్కలో వేసుకోండి. లేదంటే చిన్న చక్రాలు, స్టీల్ స్ప్రింగులు, రోడ్డుని బట్టి మెత్తగా గట్టిగా మారే అడాప్టివ్ డ్యాంపర్లు. నా ఓటు దీనికే.

గేర్‌బాక్స్ ఆయిల్. చాలా కంపెనీలు "లైఫ్ టైమ్ ఫిల్" అంటాయి. ఎవరి లైఫ్ అని అడగండి. ఆ 8 స్పీడ్ బాక్స్ తయారుచేసే జడ్‌ఎఫ్ మాత్రం 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్లకో, ఎనిమిదేళ్లకో మార్చమంటుంది. నేను తయారుచేసినవాడి మాటే వింటాను.

ఫోర్‌వీల్ డ్రైవ్ బండికి ఒక్క టైరు పోతే ఒక్కటే మార్చడం చాలామంది చేసేదే. కొత్తది ఎత్తు, పాతవి అరిగి పొట్టి. చక్రాలు తిరిగే వేగంలో ఆ చిన్న తేడాని, ముందు వెనక చక్రాలకి శక్తిని పంచే ట్రాన్స్‌ఫర్ కేస్‌లోని క్లచ్ రోజంతా మోయాలి. తర్వాత గుంజుడు, వణుకు మొదలవుతాయి. అరుగుదల దగ్గరదగ్గరగా ఉన్న టైర్లే ఉండాలి.

సన్‌రూఫ్ ఉంటే నాలుగు మూలలా నీళ్లు పోయే సన్న గొట్టాలు ఉంటాయి. ఆకులు, దుమ్ము అడ్డుపడితే నీళ్లు లోపలికి దిగుతాయి, కార్పెట్ కింద నిలుస్తాయి. ఈ బండ్లలో కంట్రోల్ యూనిట్లు కొన్ని ఉండేది కార్పెట్ కిందే. ఏటా ఒకసారి ఆ గొట్టాలు శుభ్రం చేయించండి, పావుగంట పని.

చివరగా, నేరుగా సిలిండర్‌లోకే పెట్రోలు చిమ్మే డైరెక్ట్ ఇంజెక్షన్ ఇంజన్లలో పెట్రోలు వాల్వుల మీద పడదు కాబట్టి వాటి మీద మసి పేరుకుంటుంది. టయోటా, లెక్సస్ 2.5 హైబ్రిడ్ ఇంజన్‌లో రెండు రకాల ఇంజెక్టర్లూ (సిలిండర్‌లోకి చిమ్మేవి, వాల్వుల వైపు చిమ్మేవి) ఉంటాయి, ఆ మసి బెడద తక్కువ.

బటన్ల బాబు

ఎవరూ స్క్రీన్ మాట ఎత్తలేదేం? ఎనిమిదేళ్లు రోజూ చేసే పని ఏసీ తగ్గించడం, పెంచడం. ఎక్స్‌5కి 2023లో చేసిన మార్పులతో ఏసీ బటన్లు పోయి స్క్రీన్‌లోకి వెళ్లాయి, మెనూలు కదిపే నాబ్ మాత్రం ఉంచారు. ఎక్స్‌సీ90 రెండో తరం వచ్చినప్పట్నుంచీ నిలువు టచ్ స్క్రీనే. జీఎల్‌ఈలో ఏసీకి విడిగా స్విచ్‌ల వరస ఉంది. ఆర్‌ఎక్స్‌లో పెద్ద స్క్రీన్ మీదే టెంపరేచర్ తిప్పుకునే నాబ్‌లు అమర్చారు, అది నాకు నచ్చింది. బండి కదులుతుండగా, రోడ్డు మీంచి కళ్లు తిప్పకుండా ఏసీ రెండు డిగ్రీలు తగ్గించి చూడండి. దొరక్కపోతే ఆ బండి రోజూ చిరాకు పెడుతుంది.

బండి గీత దాటకుండా చూసే లేన్ అసిస్ట్ ఆపడానికి ఎన్నిసార్లు నొక్కాలో కూడా. స్టార్ట్ చేసిన ప్రతిసారీ అది మళ్లీ ఆన్ అవుతుంది కొన్నిట్లో.

మూడో వరస

సేఫ్టీ గురించి ఒక్క మాట. నాలుగింటికీ యూరో ఎన్‌క్యాప్ (యూరప్ క్రాష్ టెస్ట్)లో 5 స్టార్లు వచ్చాయి, కానీ ఏ సంవత్సరం పరీక్షో చూడాలి. ఎక్స్‌సీ90కి 2015లో, ఎక్స్‌5కి 2018లో, జీఎల్‌ఈకి 2019లో, ఆర్‌ఎక్స్‌కి 2022లో. పరీక్షలు ఏడాదికేడాది కఠినం అవుతున్నాయి కాబట్టి 2015 నాటి 5కీ 2022 నాటి 5కీ పోలిక కుదరదు. అంటే ఎక్స్‌సీ90 బలహీనమైనదని కాదు, ఆ కొలబద్ద వేరు.

నిలకడ

ఈసారి అమ్మనీ పిల్లల్నీ చైల్డ్ సీటునీ వేసుకుని వెళ్లాను. చిన్న చక్రాల బండ్లే కావాలని ముందే ఫోన్ చేసి చెప్పాను, రెండు చోట్ల తెప్పించారు. ఒకచోట "అవి ఎవరూ కొనరు సార్" అన్నారు, ఆ బండి లిస్టులోంచి తీసేశాను.

ముప్పై వేగంలో పాడైపోయిన రోడ్డు మీద పోనిచ్చాను. తేడా ఇంత ఉంటుందనుకోలేదు. అమ్మ ఏ బండినీ మెచ్చుకోలేదు, తిట్టలేదు. ఒకదాంట్లోంచి దిగి "ఇందులో కాలు ఎక్కడ పెట్టాలో వెతుక్కోనక్కర్లేదురా" అంది. అది ఆర్‌ఎక్స్. జీఎల్‌ఈలో మధ్య సీటు మిట్ట మావాడికి అడ్డం కాలేదు, వాడి కాళ్లు ఇంకా కింద ఆనవు. వాడు పెరిగేదాకా ఫరవాలేదు, తర్వాతే సమస్య.

కాబట్టి 350హెచ్ వైపు మొగ్గుతున్నాం. ఓవర్‌టేక్ చేసేటప్పుడు ఆ మోత నాకు కొంచెం తేడాగా అనిపించింది, నిజం చెప్పాలి. అయినా హైవే రోజూ లేదు.

టర్బో తమ్ముడు

500హెచ్ అయినా చూడొచ్చు కదా అన్నా...

నిలకడ

చూశాను తమ్ముడూ. దానికి 21 చక్రాలే ఉన్నాయి.

స్పానర్

బండి తీసుకునే రోజు ఒక పని చేయండి. టైరు పక్కన డీఓటీ అని ఉండే వరస చివర నాలుగు అంకెలుంటాయి. మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. 2324 అని ఉంటే 2024లో 23వ వారంలో తయారైందని. యార్డులో చాలాకాలం నిలబడ్డ బండి అయితే అక్కడే బయటపడుతుంది. నాలుగు టైర్లకీ చూడండి, స్టెప్నీ ఇస్తే దానికీ. ఆ నాలుగు అంకెలూ కొన్నిసార్లు లోపలి వైపే ఉంటాయి, ఫోన్ కెమెరా కింద పెట్టి ఫొటో తీస్తే కనిపిస్తాయి.